ఉబుంటు 22.04లో అప్‌గ్రేడ్ మధ్యలో ఆగింది, ఇప్పుడు ఏ ప్యాకేజీ ఎక్కట్లేదు

గోదారిగట్టు:

ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసి ఇన్‌స్టాల్ చేసింది. సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్ ఇస్తే ప్యాకేజీలన్నీ దిగాయి, ఇన్‌స్టాల్ మొదలైంది, చివర్లో ఇలా ఆగింది:

> ఎర్రర్స్ వర్ ఎన్‌కౌంటర్డ్ వైల్ ప్రాసెసింగ్:
> లినక్స్-ఇమేజ్-6.8.0-49-జెనెరిక్
> లినక్స్-ఇమేజ్-జెనెరిక్-హెచ్‌డబ్ల్యూఈ-22.04
> ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్
> ఇ: సబ్-ప్రాసెస్ /యూఎస్ఆర్/బిన్/డీపీకేజీ రిటర్న్డ్ యాన్ ఎర్రర్ కోడ్ (1)

అప్పటినుంచి చిన్న ప్యాకేజీ పెట్టబోయినా అన్‌మెట్ డిపెండెన్సీస్ అంటోంది, ముందు ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్ చేయమంటోంది. అది చేస్తే మళ్ళీ ఇదే ఎర్రర్. రూట్ పార్టిషన్‌లో 60 జీబీ పైనే ఖాళీ ఉంది కాబట్టి జాగా సమస్య కాదనుకుంటున్నాను. /వార్/లిబ్/డీపీకేజీలో లాక్ ఫైళ్లు తీసేస్తే సరిపోతుందని ఒకచోట చదివాను. తీసేయొచ్చా? ఇంకా రీబూట్ చేయలేదు.

---

రూట్‌షెల్:

రీబూట్ చేయకపోవడం మంచిదైంది, పని పూర్తయ్యేదాకా చేయకండి. లాక్ ఫైళ్ల జోలికీ వెళ్లకండి, కారణం కింద చెబుతాను.

మీరు పెట్టినవి లాగ్‌లో ఆఖరి లైన్లు. "ఎర్రర్ కోడ్ 1" అంటే ఏదో ఒక ప్యాకేజీ స్క్రిప్ట్ ఫెయిలైందని మాత్రమే, అందులో కారణం ఉండదు. ఆ జాబితాలో హెచ్‌డబ్ల్యూఈ మెటా ప్యాకేజీకి (కొత్త కెర్నల్‌ను వెంట తెచ్చే పేరుమాత్రపు ప్యాకేజీ) అసలు జబ్బేమీ లేదు. అది ఆధారపడ్డ కెర్నల్ (సిస్టమ్‌కు గుండెలాంటి ప్రోగ్రామ్) కాన్ఫిగర్ కాలేదు కాబట్టి డీపీకేజీ (ఆప్ట్ కింద ఉండి ప్యాకేజీలను ఎక్కించే ప్రోగ్రామ్) దాన్నీ పక్కన పెట్టింది. చూడాల్సింది మొట్టమొదటి ఎర్రర్. స్క్రీన్ మీద పైకి పోయినా /వార్/లాగ్/ఆప్ట్/టర్మ్.లాగ్‌లో మొత్తం ఉంటుంది. ఫైల్ అడుగునుంచి పైకి రాకండి. ఆఖరి "లాగ్ స్టార్టెడ్" లైన్ దగ్గర మొదలుపెట్టి కిందికి చదవండి.

సిస్టమ్ తెలుగులో పెట్టుకున్నవాళ్లు కమాండ్ ముందు ఎల్‌సీ_ఆల్=సీ చేర్చి నడిపితే మెసేజ్‌లు మూల ఇంగ్లీషులో వస్తాయి. వెతకడానికీ నలుగురికి చూపించడానికీ అదే తేలిక.

ఈ నాలుగింటి అవుట్‌పుట్ పెట్టండి. చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే:

> యూనేమ్ -ఆర్
> డీఎఫ్ -హెచ్ /బూట్
> ఎల్ఎస్ -ఎల్‌హెచ్ /బూట్
> ఆప్ట్-మార్క్ షోమాన్యువల్ | గ్రెప్ లినక్స్-

ఎన్‌క్రిప్షన్ ఉన్న సిస్టమ్ అంటున్నారు కాబట్టి నా అనుమానం /బూట్ మీదే. రూట్ పార్టిషన్ ఎన్‌క్రిప్ట్ అయితే గ్రబ్ (ఆన్ అవుతుండగా కెర్నల్‌ను లేపే ప్రోగ్రామ్) చదువుకోవడానికి /బూట్‌ను విడి పార్టిషన్‌గా, తాళం లేకుండా పెడుతుంది ఇన్‌స్టాలర్. రూట్‌లో 60 జీబీ ఖాళీ ఉన్నా ఆ చిన్న పార్టిషన్‌కు ఒక్క ఎంబీ కూడా అక్కరకు రాదు.

లాక్ సంగతి. లాక్-ఫ్రంటెండ్ అనేది ఖాళీ ఫైల్. తాళం ఉండేది ఫైల్‌లో కాదు, దాన్ని తెరిచి పట్టుకున్న ప్రాసెస్ తరఫున కెర్నల్ దగ్గర. ఫైల్ చెరిపితే పాత ప్రాసెస్ తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది, మీరు నడిపే కొత్త ఆప్ట్ కొత్త ఫైల్ సృష్టించుకుని దానికి తాళం వేసుకుంటుంది. రెండూ ఒకేసారి /వార్/లిబ్/డీపీకేజీ/స్టేటస్‌ను రాస్తాయి. ఏ ప్యాకేజీ ఏ స్థితిలో ఉందో సిస్టమ్‌కు తెలిసేది ఆ ఒక్క ఫైల్ వల్లే. అది చెడితే ఇప్పుడున్న సమస్య చాలా చిన్నదనిపిస్తుంది. పైగా మీకు లాక్ ఎర్రర్ రానే లేదు. వచ్చినవాళ్లు కూడా మెసేజ్‌లో చూపించే ప్రాసెస్ నంబర్ ఏమిటో చూడాలి. ఎక్కువసార్లు అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ (అప్‌డేట్లను దానంతట అదే పెట్టే సేవ) తన పని తాను చేస్తుంటుంది, పూర్తయ్యేదాకా ఆగితే చాలు.

---

గోదారిగట్టు:

టర్మ్.లాగ్‌లో మొదటి ఎర్రర్ మీరన్నట్టే ఉంది:

> అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్: జెనరేటింగ్ /బూట్/ఇనిట్‌ఆర్‌డీ.ఇమ్‌గ్-6.8.0-49-జెనెరిక్
> జెడ్ఎస్‌టీడీ: ... రైట్ ఎర్రర్ ... నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్

యూనేమ్: 6.8.0-48-జెనెరిక్

/బూట్: మొత్తం 705 ఎంబీ, వాడింది 667, మిగిలింది 1, వాడకం 100 శాతం.

/బూట్‌లో ఇనిట్‌ఆర్‌డీ ఫైళ్లు (బూట్ మొదట్లో డిస్క్ తెరవడానికి కావాల్సిన డ్రైవర్లుండేవి): 6.5.0-45 (132 ఎంబీ), 6.8.0-40, 6.8.0-47, 6.8.0-48 (ఒక్కోటి 136). 6.8.0-49కి వీఎంలినుజ్ (కెర్నల్ ఫైల్) ఉంది, ఇనిట్‌ఆర్‌డీ లేదు.

షోమాన్యువల్‌లో: లినక్స్-ఇమేజ్-6.5.0-45-జెనెరిక్, లినక్స్-జెనెరిక్-హెచ్‌డబ్ల్యూఈ-22.04.

అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ ఆపేసి ఉంచాను, అప్‌గ్రేడ్ ఎప్పుడూ చేత్తోనే చేస్తాను. ఇప్పుడు సుడో ఆప్ట్ పర్జ్‌తో పాత కెర్నల్ తీయబోతే దానికీ ఫిక్స్-బ్రోకెన్ చేయమనే అంటోంది.

---

రూట్‌షెల్:

అంతా తేలిపోయింది. ఆప్ట్ ఒప్పుకోదు, ఎందుకంటే డిపెండెన్సీలు తెగి ఉండగా అది వేరే పని ముట్టుకోదు. కింద ఉండే డీపీకేజీతో నేరుగా తీయాలి. ఏ వెర్షన్ తీస్తున్నారో కమాండ్ కొట్టేముందు మరోసారి యూనేమ్‌తో సరిచూసుకోండి. నడుస్తున్న 48ని ముట్టుకోకూడదు.

> సుడో డీపీకేజీ --పర్జ్ లినక్స్-ఇమేజ్-6.5.0-45-జెనెరిక్ లినక్స్-మాడ్యూల్స్-6.5.0-45-జెనెరిక్ లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా-6.5.0-45-జెనెరిక్

మూడు పేర్లూ ఒకే కమాండ్‌లో ఇవ్వాలి. మాడ్యూల్స్ ఒక్కటే ఇస్తే ఇమేజ్ దానిమీద ఆధారపడి ఉందని ఆపేస్తుంది. ఇమేజ్ పోయేటప్పుడు దాని ఇనిట్‌ఆర్‌డీని కూడా /ఈటీసీ/కెర్నల్/పోస్ట్ఆర్ఎం.డీలో ఉన్న స్క్రిప్టే తీసేస్తుంది. /లిబ్/మాడ్యూల్స్ కింద ఫోల్డర్ ఖాళీగా లేదని, తీయలేదని ఒక హెచ్చరిక రావచ్చు, దాంతో ఇబ్బంది లేదు.

ఇదే కమాండ్ 6.8.0-40కి కూడా ఇవ్వండి. ఒకటి తీస్తే చాలదా అనిపిస్తుంది. చాలదు, లెక్క చూడండి. 6.5.0-45 పోతే దాదాపు 154 ఎంబీ వస్తుంది: ఇనిట్‌ఆర్‌డీ 132, వీఎంలినుజ్ 14, సిస్టమ్.మ్యాప్ 8. వాడకం 513కి దిగుతుంది. 49 కెర్నల్‌కు 136 ఎంబీ ఇనిట్‌ఆర్‌డీ తయారవుతుంది, 649 అవుతుంది. ఇక్కడిదాకా బాగానే ఉంటుంది. తర్వాత ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్ ప్యాకేజీ కాన్ఫిగర్ అవుతూ అదే ఇనిట్‌ఆర్‌డీని మళ్ళీ తయారు చేయిస్తుంది. పాతదాని మీద రాయదది. పక్కన .న్యూ అనే చివరతో కొత్త ఫైల్ పూర్తిగా రాసి, రాయడం సరిగ్గా ముగిశాకే పేరు మారుస్తుంది. మధ్యలో కరెంటు పోయినా పాత ఫైల్ బతికుండాలని అలా పెట్టారు, అది చాలా మంచి పద్ధతి. కానీ ఆ కాసేపు రెండు ఫైళ్లూ ఉండాలి కాబట్టి 649కి ఇంకో 136 కావాలి, 785. పార్టిషన్ 705. మళ్ళీ అదే ఎర్రర్ దగ్గర ఆగుతుంది, "పాత కెర్నల్ తీసినా పోలేదు" అని చాలామంది తల పట్టుకునేది ఇక్కడే. రెండు కెర్నళ్లు తీస్తే గరిష్ఠంగా 626 దగ్గర సరిపోతుంది.

ఆ తర్వాత ఇదే వరసలో:

> డీఎఫ్ -హెచ్ /బూట్
> సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ
> సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్
> సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్

మొదటి డీఎఫ్‌లో కనీసం 280 ఎంబీ ఖాళీ కనబడితేనే ముందుకెళ్లండి. దిగిన ప్యాకేజీలు /వార్/క్యాష్/ఆప్ట్/ఆర్కైవ్స్‌లో ఉంటాయి కాబట్టి డేటా మళ్ళీ ఖర్చవదు. ఆటోరిమూవ్ 47ని కూడా తీస్తానంటుంది, తీయనివ్వండి. నడుస్తున్న 48, కొత్త 49 మిగిలితే చాలు.

పూర్తయ్యాక రీబూట్‌కు ముందు ఇవి చూడండి. డీపీకేజీ --ఆడిట్ ఏమీ చెప్పకుండా ఊరుకోవాలి. ఎల్ఎస్‌ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ /బూట్/ఇనిట్‌ఆర్‌డీ.ఇమ్‌గ్-6.8.0-49-జెనెరిక్ ఇస్తే పొడుగాటి ఫైళ్ల జాబితా ఎర్రర్ లేకుండా చివరిదాకా రావాలి. సగంలో తెగిన ఫైల్ అయితే ఇక్కడే బయటపడుతుంది. జాబితాను గ్రెప్ క్రిప్ట్‌సెటప్‌కు పంపి, అది ఉందో లేదో కూడా చూసుకోండి. లేకపోతే బూట్‌లో పాస్‌వర్డ్ అడిగేవాడే ఉండడు. ఆఖర్న సుడో అప్‌డేట్-గ్రబ్ నడిపితే, 49 పక్కన "ఫౌండ్ ఇనిట్‌ఆర్‌డీ ఇమేజ్" లైన్ కనబడాలి.

---

డెబ్‌చెట్టు:

ఇంత పని ఎందుకు? సుడో ట్యూన్2ఎఫ్ఎస్ -ఎం 0 ఇస్తే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ పక్కన పెట్టిన 5 శాతం విడుదలవుతుంది. 705లో ముప్పై ఎంబీ పైనే వస్తుంది కదా. అదీ చాలకపోతే /బూట్‌లో పాత ఇనిట్‌ఆర్‌డీని ఆర్ఎం కొట్టడమే.

---

రూట్‌షెల్:

ఆ 5 శాతం మామూలు యూజర్లకు అందకుండా రూట్‌కు కేటాయించిన జాగా. అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ నడిచేది రూట్‌గానే, కాబట్టి అది ఆ జాగాను ఇప్పటికే వాడుకుంటోంది. ట్యూన్2ఎఫ్ఎస్ తర్వాత డీఎఫ్‌లో అంకె పెరుగుతుంది, నిజంగా రాయగలిగింది అంతే ఉంటుంది. పైన నేను 705తో లెక్క కట్టిందీ అందుకే.

ఆర్ఎం సంగతి: ఫైల్ పోయినా ప్యాకేజీ ఉందనే డీపీకేజీ అనుకుంటుంది. ఇనిట్‌ఆర్‌డీ చెరిపితే, ఎప్పుడో ఒకసారి అది మళ్ళీ తయారై కూర్చోవచ్చు. వీఎంలినుజ్ చెరిపితే ప్యాకేజీ ఉన్నట్టే ఉండి కెర్నల్ ఉండదు. తీయడానికి వీలైన పాత కెర్నల్ ఒక్కటీ లేనప్పుడు మాత్రం ఒక దారి ఉంది: నడవని కెర్నల్ ఇనిట్‌ఆర్‌డీని ఎంవీతో /రూట్‌లోకి జరిపి, కాన్ఫిగర్ ముగిశాక తిరిగి తెచ్చిపెట్టడం. చెరపడం వేరు, జరపడం వేరు.

---

మాడ్యూల్‌మనిషి:

రూట్‌షెల్ గారు చెప్పిన దాంట్లో మార్చాల్సింది లేదు. ఒక్కటి కలుపుతాను. ఆఖరి లైన్లు దాదాపు ఇలాగే ఉండి, కారణం పూర్తిగా వేరేదైన కేసు ఒకటి తరచూ వస్తుంది. /బూట్‌లో జాగా పుష్కలంగా ఉన్నా లినక్స్-ఇమేజ్ కాన్ఫిగర్ కాదు. టర్మ్.లాగ్‌లో జెడ్ఎస్‌టీడీ లైన్ బదులు ఇది ఉంటుంది:

> రన్-పార్ట్స్: /ఈటీసీ/కెర్నల్/పోస్ట్‌ఇన్‌స్ట్.డీ/డీకేఎంఎస్ ఎగ్జిటెడ్ విత్ రిటర్న్ కోడ్ 11

బయటి డ్రైవర్లను ప్రతి కొత్త కెర్నల్‌కూ కట్టిపెట్టేది డీకేఎంఎస్. ఈ లైన్ అర్థం, బయటినుంచి తెచ్చిన డ్రైవర్ కొత్త కెర్నల్‌కు కంపైల్ కాలేదని. యూఎస్‌బీ వైఫై డాంగిల్ డ్రైవర్లు, పాత ఎన్విడియా డ్రైవర్లు, వర్చువల్‌బాక్స్ మాడ్యూళ్లు ఎక్కువగా ఇలా ఆపుతాయి. ఎక్కడ విరిగిందో /వార్/లిబ్/డీకేఎంఎస్ కింద ఆ మాడ్యూల్ పేరు, వెర్షన్, బిల్డ్ ఫోల్డర్లలోని మేక్.లాగ్ చెబుతుంది. అక్కడ కూడా మొదటి ఎర్రరే ముఖ్యం.

22.04లో ప్రత్యేకంగా చూడాల్సింది: ఎఫ్‌ట్రివియల్-ఆటో-వార్-ఇనిట్=జీరో అనే ఆప్షన్ తెలియదని కంపైలర్ చెబితే అది డ్రైవర్ తప్పు కాదు. హెచ్‌డబ్ల్యూఈ 6.5, 6.8 కెర్నళ్లను జీసీసీ 12 కంపైలర్‌తో కట్టారు, 22.04లో మామూలుగా ఉండేది జీసీసీ 11. జీసీసీ-12 ప్యాకేజీ పెడితే పోతుంది. అలా కాకుండా ఏదో ఫంక్షన్‌కు ఆర్గ్యుమెంట్లు సరిపోలేదనో, స్ట్రక్చర్‌లో ఆ మెంబర్ లేదనో అంటే కెర్నల్ లోపలి ఇంటర్‌ఫేస్ మారింది, ఆ డ్రైవర్ కొత్త సోర్స్ తెచ్చుకోవాలి.

ఏదైనా సరే, ఆప్ట్ బిగుసుకుని ఉంటుంది కాబట్టి ముందు మాడ్యూల్‌ను పక్కకు తీయాలి. డీకేఎంఎస్ స్టేటస్ ఇస్తే పేరు, వెర్షన్ కనబడతాయి. తర్వాత సుడో డీకేఎంఎస్ రిమూవ్, ఆ పేరు, స్లాష్, వెర్షన్, చివర --ఆల్. ఆపైన డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ. ఆప్ట్ కుదుటపడ్డాక జీసీసీ-12నో కొత్త డ్రైవర్‌నో పెట్టుకోండి. వైఫై ఆ డ్రైవర్ మీదే నడుస్తుంటే రీబూట్ తర్వాత నెట్ ఉండదు, ముందే ఫోన్ యూఎస్‌బీ టెథరింగ్ పనిచేస్తోందో చూసుకోండి.

---

గోదారిగట్టు:

రెండు కెర్నళ్లూ తీశాక /బూట్‌లో వాడకం 354కి వచ్చింది. కాన్ఫిగర్ -ఎ ఎర్రర్ లేకుండా ముగిసింది, ఫిక్స్-బ్రోకెన్ చేయడానికేమీ లేదంది, ఆటోరిమూవ్ 47ని తీసింది. ఆడిట్ ఖాళీ, క్రిప్ట్‌సెటప్ జాబితాలో ఉంది. రీబూట్ అయి 49 మీద నడుస్తోంది. ధన్యవాదాలండీ.

రెండు సందేహాలు. ముందే రీబూట్ చేసుంటే ఏమయ్యేది? మళ్ళీ ఇలా నిండకుండా ఏం చేయాలి? ఎన్‌క్రిప్షన్ ఉండగా /బూట్ పెంచుకోవచ్చా?

---

రూట్‌షెల్:

ఇనిట్‌ఆర్‌డీ దగ్గర ఆగితే దాని తర్వాత నడవాల్సిన గ్రబ్ స్క్రిప్ట్ నడవదు, కాబట్టి చాలావరకు పాత 48తోనే లేచేది. కానీ వేరే ఏ ప్యాకేజీ వల్లనైనా అప్‌డేట్-గ్రబ్ నడిచి ఉంటే, వీఎంలినుజ్ కనబడింది కదా అని 49ని మెనూలో మొదట పెడుతుంది. ఇనిట్‌ఆర్‌డీ లేని కెర్నల్‌కు ఎన్‌క్రిప్ట్ అయిన డిస్క్ తెరవడం తెలియదు. "వీఎఫ్ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్" అంటూ కెర్నల్ పానిక్ దగ్గర నిలబడిపోతుంది. అలా జరిగినవాళ్లు కంగారుపడి ఫార్మాట్ చేయనక్కర్లేదు. డేటాకు ఏమీ కాలేదు. ఆన్ అవుతుండగా యూఈఎఫ్ఐ అయితే ఎస్కేప్, పాత బయాస్ అయితే షిఫ్ట్ నొక్కి గ్రబ్ మెనూ తెచ్చుకుని, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్ ఎంచుకుంటే లేస్తుంది. అక్కడినుంచి పైన చెప్పినవే.

మీ దగ్గర కెర్నళ్లు పోగవడానికి కారణాలు రెండు. 6.5.0-45ను ఎప్పుడో పేరు పెట్టి ఇన్‌స్టాల్ చేయడం వల్ల మాన్యువల్ అని గుర్తు పడింది, అలాంటిదాన్ని ఆటోరిమూవ్ తీయదు. ఇకమీద అలా పెట్టాల్సి వస్తే వెంటనే సుడో ఆప్ట్-మార్క్ ఆటో ఇచ్చి ఆ గుర్తు తీసేయండి. రెండోది, ఆప్ట్ అప్‌గ్రేడ్ పాతవాటిని తనంతట తాను తీయదు, తీసుకోవచ్చని చెప్పి ఊరుకుంటుంది. అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ అయితే వాడని కెర్నళ్లను తీసేస్తుంది, మీరు దాన్ని ఆపేశారు. చేత్తో చేసేటప్పుడు అప్‌గ్రేడ్ తర్వాత కాదు, ముందే ఆటోరిమూవ్ --పర్జ్ నడపండి. 705 ఎంబీలో మూడు కెర్నళ్లు, ఒక .న్యూ ఫైల్ పడతాయి. నాలుగో కెర్నల్ పడదు.

/బూట్ పెంచడం కుదురుతుంది కానీ లక్స్ (ఎన్‌క్రిప్షన్ పొర), దాని లోపల ఎల్‌వీఎం (డిస్క్‌ను భాగాలుగా పంచే పొర), దాని లోపల ఫైల్‌సిస్టమ్, అన్నింటినీ లోపలినుంచి బయటికి వరసగా కుదించి, పార్టిషన్‌ను జరపాలి. ఒక్క అంకె తప్పితే డిస్క్ తెరుచుకోదు. బ్యాకప్ తీసుకుని కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే తక్కువ పని, అప్పుడు 2 జీబీ ఇవ్వండి. 24.04కి వెళ్దామనుకున్నా ముందుగా ఇదే చూసుకోవాలి. డూ-రిలీజ్-అప్‌గ్రేడ్ /బూట్‌లో ఎంత ఖాళీ కావాలో లెక్కేసి, లేకపోతే మొదట్లోనే ఆపేస్తుంది.

---

మాడ్యూల్‌మనిషి:

పార్టిషన్ పెంచకుండా ఇనిట్‌ఆర్‌డీనే తగ్గించవచ్చు. /ఈటీసీ/ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్/ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్.కాన్ఫ్‌లో మాడ్యూల్స్=మోస్ట్ అని ఉంటుంది. అంటే ఏ మెషీన్‌లో పెట్టినా లేచేలా రకరకాల డ్రైవర్లన్నీ సర్దేస్తుంది. దాన్ని డెప్ అని మారిస్తే ఈ మెషీన్‌కు కావాల్సినవే వెళ్తాయి, ఫైల్ బాగా తగ్గుతుంది. డిస్క్ తీసి వేరే ల్యాప్‌టాప్‌లో పెడితే లేవకపోవచ్చు, అది దీనికి చెల్లించే ధర. డెప్ వద్దనుకుంటే అదే ఫైల్‌లో కంప్రెస్=ఎక్స్‌జెడ్ పెట్టండి. ఇప్పుడున్న జెడ్ఎస్‌టీడీ కంప్రెషన్ కన్నా చిన్నగా వస్తుంది, తయారీకీ బూట్‌లో విప్పడానికీ టైమ్ ఎక్కువ పడుతుంది.

ఏది మార్చినా అన్ని కెర్నళ్లకూ ఒకేసారి చేయకండి. సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యు -కే 6.8.0-49-జెనెరిక్ అని ఒక్కదానికే నడిపి, రీబూట్ చేసి, పాస్‌వర్డ్ అడిగే చోట కీబోర్డ్ పనిచేస్తోందో చూడండి. బయట తగిలించిన కీబోర్డ్ వాడితే దానితోనూ, ల్యాప్‌టాప్ కీబోర్డ్‌తోనూ విడివిడిగా చూడాలి. డెప్‌తో ముందుగా తప్పిపోయేది ఆ డ్రైవరే. 48 ఇనిట్‌ఆర్‌డీ పాత సెట్టింగ్‌తోనే ఉంటుంది కాబట్టి ఇది తేడా చేసినా దానితో లేవొచ్చు.